భూపతి దాచిన సైన్యం

వేలూరులో పెద్దాసుపత్రి వెనక సందులో లాడ్జి మేనేజరు భూపతి పద్దెనిమిదేళ్లుగా ఒకే యుద్ధం ఓడిపోతున్నాడు. ఒకటి రెండుసార్లు ఓడినవాళ్లు మానుకుంటారు, లేదంటే నేర్చుకుంటారు. భూపతి ఆ రెండూ చెయ్యలేదు.

యుద్ధం జరిగేది రిసెప్షన్ బల్ల మీది పాత కంప్యూటర్లో. చైనావాళ్ల పాతకాలపు నవల ఒకదాన్ని పట్టుకొని ఎవరో అల్లిన ఆట అది. దేశం నిండా కోటలు, కోటకో రాజు, రాజుకు పదిహేను ఇరవైమంది సేనాపతులు. ఒక్కొక్కడికి ఒక మొహం, ఒక పేరు, బలమెంత తెలివెంత అని అంకెలు. వడ్లు పండించాలి, సైన్యం పెంచాలి, పక్క కోట పట్టాలి. భూపతి వడ్లు బ్రహ్మాండంగా పండించేవాడు. పక్క రాజు దండెత్తి వచ్చాడా, నలుగురు తప్ప ఉన్న సేనాపతులందర్నీ మూటాముల్లె సర్దించి వెనక ఊరికి తోలేసేవాడు. మిగిలిన నలుగురూ తన్నులు తినేవాళ్లు.

"రూముండాదా సార్?" అని ఎవరైనా వస్తే, "రెండు నిమిషాలు కూసోండప్పా, కోట పోతా ఉండాది" అనేవాడు. కోట పోయాక తాళం ఇచ్చేవాడు. పేరూ వయసూ ఊరూ రాసుకొని, రోగి మొహాన్ని అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి తేరిపార చూసేవాడు. ఆ చూపుకు జడుసుకొని ఒకాయన వేరే లాడ్జికి పోయాడు కూడా.

భూపతి భార్య పుష్పవతి లాడ్జి వెనక వంటింట్లో రోగులకు గంజి, రసం, మెత్తటి అన్నం వండిపెట్టేది. కంప్యూటర్ వైపు కన్నెత్తి చూసేది కాదు. దానికి కారణముంది. ఆ లాడ్జిలో దిగినవాళ్లందరూ నయమై ఇంటికి పోరు. ఎవరో పోయారని కబురు వచ్చిన రోజు ఆమె గంజిగిన్నె ముందు పెట్టుకొని ఏడుస్తూ ఉంటే, భూపతి ఆరోజే మరీ ముందుకు వంగి ఆడేవాడు.

"నీది గుండెనా, గుండ్రాయా?" అని అరిచేది.

"ఉండు మే, వెనక ఊర్లో గోడ కట్టించాల" అనేవాడు తల తిప్పకుండా.

నిరుడు అరవవాళ్ల ఆడి నెలలో గుడియాత్తం నుంచి కన్నప్ప వచ్చాడు. లుంగీలు నేసేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. వెంట భార్య రాజాంబాళ్. భూపతిదీ గుడియాత్తమే. మగ్గం అమ్ముకొని ఇక్కడ చేరినవాడే. దాంతో మొదటిరోజే ఇద్దరికీ మాట కలిసింది, రెండోరోజు నుంచి పోట్లాట మొదలైంది. ఆసుపత్రి నుంచి రాగానే కన్నప్ప కుర్చీ లాక్కొని కంప్యూటర్ పక్కన కూర్చునేవాడు. వాళ్ల మాటలు వంటింట్లోకి వినబడుతూ ఉండేవి.

"నా పేరు గూడా చేర్చినానంటివే, నన్ను యాడ పెట్టినావు?"

"వెనక ఊర్లో అన్నా. రొంబ భద్రం."

"ఆడేం చేస్తా ఉండాను?"

"వడ్లు చూసుకుంటా ఉండావు."

"థూ! నలభై ఏండ్లు గుంతలో కాళ్లు పెట్టుకోని మగ్గం ముందర కూసున్నా. నీ కాడికొచ్చినా కూసోబెట్టడమేనా? యుద్ధానికి పంపప్పా!"

"దగ్గు తగ్గనీ అన్నా, చూస్తాం."

"ఆ బొమ్మకి గూడా దగ్గుండాదా?"

కన్నప్ప నవ్వేవాడు. నవ్వు దగ్గులోకి తిరిగేది. రాజాంబాళ్ వచ్చి వీపు నిమిరేది. తగ్గిన తర్వాత మళ్లీ అదే పట్టు. "పంపప్పా!" భూపతి పంపలేదు.

నాలుగో వారం, ఒక గురువారం పొద్దున కన్నప్ప ఆసుపత్రిలోనే పోయాడు. మధ్యాహ్నానికి గుడియాత్తం నుంచి బంధువులు వచ్చి వ్యానులో తీసుకుపోయారు. వ్యాను సందు దాటేదాకా పుష్పవతి వాకిట్లో నిలబడింది. లోపలికి వచ్చేసరికి భూపతి కంప్యూటర్ ముందు ఉన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తీగ పీకేద్దామని బల్ల దగ్గరికి పోయింది. వంగినప్పుడు కళ్లు తెర మీద పడ్డాయి. పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి.

తెరమీద పేర్ల పట్టీ ఉంది. పైన కన్నప్ప. దాని కింద వేలాయుధం. జోలార్పేట రైల్వే ఆయన, రసం మాత్రమే దిగేది. వినోదిని, కడుపులో గడ్డ. తిరుపత్తూరు టీచరు మురుగన్. ఒక్కో పేరుకూ తను మోసుకుపోయిన గిన్నె గుర్తొచ్చింది. ఏడో నంబరు రూము సరసమ్మ కూడా ఉంది. ఆమె పేరు పక్కన బొడ్డుదాకా గడ్డం ఉన్న మొహం.

"సరసమ్మకు గడ్డమేందప్పా?" అంది.

"ఆడోళ్ల మొగాలు కొన్నే ఇచ్చినారు మే. అన్నీ అయిపాయ."

పుష్పవతి తీగ వదిలేసి పక్క కుర్చీలో కూర్చుంది. భూపతి ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "వచ్చినోళ్లందరి పేర్లూ ఎక్కిస్తా. నయమై ఇంటికి పోతే తీసేస్తా. చచ్చిపోయినోళ్లని తీయను. ఆట మొదట్లో ఒకటి అడగతాది, వయసైతే సేనాపతులు చావాల్నా వద్దా అని. వద్దనే నొక్కతా. యుద్ధంలో దెబ్బ తగిలితే మాత్రం పోతారు. అది మన చేతిలో లేదు. అందుకే పంపను."

పుష్పవతి కళ్లు తుడుచుకొని, "కన్నప్పన్నను పంపు" అంది.

"పోతే?"

"ఆయప్ప అడిగినాడు కదా. పంపు."

భూపతి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఉన్న గుర్రాలన్నీ కన్నప్పకే ఇచ్చాడు. వడ్లు రెండింతలు కట్టించాడు. ఇంకా ఏవో ఇవ్వబోతుంటే, "చాల్లే, ఆయప్పను కదలనీ" అని పుష్పవతి కసిరింది. కన్నప్ప కదిలాడు. గంటన్నర పట్టింది. చివరికి ఎదుటి కోట మీద జెండా రంగు మారింది. భూపతికి ఏం చెయ్యాలో తోచలేదు. గెలిచిన కోటను ఏం చేసుకోవాలో అతనికి తెలియదు.

పదహారు రోజుల తర్వాత ఆసుపత్రి కాగితాల కోసం రాజాంబాళ్ ఒక్కతే వచ్చింది. మనిషి సగమైపోయింది. పుష్పవతి ఆమెకు మజ్జిగ ఇచ్చి, పక్కన కూర్చొని, ఉన్నదంతా చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందేమో అని భూపతి గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు.

రాజాంబాళ్ తెర దగ్గరికి జరిగింది. "ఇదేనా ఈయన?"

"ఆ. కోట పట్టినాడమ్మా. ఒంటిగానే" అన్నాడు భూపతి గోడ దగ్గర్నుంచే.

ఆమె ఆ చిన్న మొహాన్ని వేలితో తాకింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నారు. కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత కొంగు తీసి, "ఈ పక్కనుండే కోట ఎవురిది నాయనా?" అని అడిగింది.

"శత్రువులదమ్మా."

"నన్ను దాంట్లో పెట్టు."

"అయ్యో, ఆయనకు ఎదురుగానా?"

"మరి? ముప్పై ఎనిమిదేండ్లు నాతో గొడవపడకుండా ఒక పూటన్నా ఆయనకు అన్నం దిగలేదు. ఆడ ఒంటిగా ఏం తోస్తాది?"

భూపతి పుష్పవతి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను కుర్చీలో కూర్చొని రాజాంబాళ్ అని ఒక్కో అక్షరమే కొట్టాడు.

"వయసెంత రాయమంటావమ్మా?"

రాజాంబాళ్ కొంగు సర్దుకుంది. "ఆయన కన్నా పదిహేనేండ్లు తక్కువ రాయి" అంది.