దయ్యానికి కళ్ళజోడు

ఆ ఆదివారం నేను చేసిన తప్పు చెప్పుకోవడానికి చాలా చిన్నది. తెలుగు సంఘం హాల్లో మైకు నా చేతికి వచ్చింది, నేను నోరు తెరిచాను. మా ఎదురు క్వార్టర్ అమ్మాయి తీసిన అరగంట సినిమా చూసి అందరూ తలో మాట చెబుతుంటే నేనూ నా అభిప్రాయం చెప్పాను. ఆ సినిమాలో దయ్యం వేషం వేసింది నా భార్య. దయ్యం బాగాలేదని చెప్పాను.

తెలియక అనలేదు. తెరమీద ఉన్నది ఆమేనని తెలుసు. ఆమె ముందు వరసలోనే కూర్చుని ఉందనీ తెలుసు. అభిప్రాయం అడిగారు కాబట్టి నిజాయితీగా చెప్పడం నా బాధ్యత అనుకున్నాను, అదే నా తెలివి.

ఆ అమ్మాయి మేముంటున్న ఈ భిలాయిలోనే పుట్టి పెరిగింది. తెలుగులో మొదలుపెట్టిన మాట సగంలో హిందీలోకి జారిపోతుంది. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది, సెలవు దొరికితే స్నేహితుల్ని పోగేసి ఫోనుతో సినిమాలు తీస్తుంది. ఈసారి హాలోవీన్ మీద నవ్వించే దయ్యాల సినిమా తీస్తానంది. హాలోవీన్ అంటే దయ్యాల వేషాలేసుకునే విదేశీ పండగని అప్పటికి నాకు తెలియదు. మాల్ గుమ్మంలో గుమ్మడికాయలు వేలాడదీస్తే కొత్త షాపేదో తెరుస్తున్నారు, దిష్టికి కట్టారు అనుకున్నాను.

కథ ఇంతే. కొందరు కుర్రకారు ఖాళీగా పడివున్న క్వార్టర్లో హాలోవీన్ పార్టీ పెట్టుకుంటారు. గుమ్మడికాయకి కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెడతారు. గుజ్జంతా తీసి చెత్తబుట్టలో పారేస్తారు. ఎప్పుడో ఆ క్వార్టర్లో కాపురమున్న ముసలావిడ దయ్యమై వస్తుంది. ఆమెకి రక్తం అక్కర్లేదు. గరిటె పట్టుకుని గదిగదికీ తరుముతూ, "ఏటర్రా, ఇంత గుజ్జు పారీసినారేటి? దప్పళం వండుకోడం రాదేటి మీకు?" అని అడుగుతుంది. చివరికి అందర్నీ వరసగా కూర్చోబెట్టి భోజనం పెడుతుంది. ఆమె మాటలన్నీ మా శ్రీకాకుళం తెలుగులోనే ఉంటాయి, కింద హిందీలో అక్షరాలు పడతాయి.

ఖర్చు లేకుండా తీశారని చూస్తేనే తెలుస్తుంది. పొగమంచు కోసం దోమల కాయిల్స్ గుత్తులుగా వెలిగించారు. దయ్యం వచ్చేముందు వినిపించే కూత మా ఇంటి కుక్కరుది. చీర మా ఆవిడ పాత మీగడరంగు చీర. గుమ్మడికాయకి మొదటి గాటు ఆడవాళ్ళు పెట్టకూడదని మా ఇళ్ళలో పట్టింపు. దయ్యం వేషంలో ఉన్నా ఆమె ఆ పట్టింపు వదల్లేదు. వచ్చి ఒక్క గాటు పెట్టి వెళ్ళమని నన్ను పిలిచింది. ఇలాంటి పనులకి నాకు తీరిక లేదన్నాను. రిటైరైన మనిషికి తీరిక లేకపోవడమేమిటని ఆమె అడగలేదు. ఉక్కు ప్లాంటులో నా విభాగంలోనే క్రేన్ నడిపి నాతోపాటే రిటైరైన మిత్రుడు, ఊరివరసకి నాకు బావ, వచ్చి గాటు పెట్టి వెళ్ళాడు.

హాల్లో సినిమా అయిపోగానే అమ్మాయి మైకు తిప్పింది. వెనక కూర్చున్న పిల్లలు హిందీలో భయం వెయ్యలేదుగానీ ఆంటీ అదిరిపోయిందన్నారు. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి అటునుంచటే వచ్చిన కుర్రాడు, తనకి సగం తెలుగు అర్థం కాలేదనీ, ఆకలి మాత్రం వేసిందనీ చెప్పాడు. మా పక్క వీధిలో చర్చికి వెళ్ళే ఆవిడ ఒకరున్నారు. హాలోవీన్ అన్నారని రావాలా వద్దా అని ఇంటిదగ్గరే చాలాసేపు తటపటాయించారట. ఆవిడ లేచి, "ఇది ప్రార్థన చేసి తరమాల్సిన దయ్యం కాదమ్మా, భోజనానికి పిలవాల్సిన దయ్యం" అన్నారు. హాలంతా నవ్వింది. మా బావ గుమ్మడికాయ నటన చాలా సహజంగా ఉందన్నాడు.

అప్పుడు మైకు నాకొచ్చింది. గోడమీద మైకు కర్ర నీడ పడిందని చెప్పాను. దయ్యం గదిలోకి వచ్చినప్పుడు గోడ గడియారం ఒక టైము, బయటికి వెళ్ళినప్పుడు అంతకంటే ముందు టైము చూపిస్తోందన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది.

"అవి సరిచేసుకోవచ్చు. అసలు లోపం దయ్యంలో ఉంది. దయ్యానికి కళ్ళజోడేటి? దాన్ని చెంగుతో తుడుచుకోడమేటి? భయపెట్టాల్సింది నవ్విస్తే అది దయ్యం ఎలగవుద్ది? ఆ దయ్యం రిజెక్టు."

"బావా, ఈ పూట నీకు అన్నం రిజెక్టు" అన్నాడు మా బావ. అందరూ పగలబడి నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నా మాట బాగా పేలిందనుకుని సంతోషంగా కూర్చున్నాను.

నా ఉద్యోగమంతా ప్లాంటులో రైలుపట్టాల తనిఖీలో గడిచింది. లైటు కింద ఒక్కో పట్టా వెంబడి నడుస్తూ కంటితో చూసి, అరచేత్తో తడిమి, లోపమున్నచోట సుద్దతో సున్నా చుట్టేవాణ్ణి. మంచి పట్టామీద ఏమీ రాయం. అది మాటామంతీ లేకుండా వ్యాగనెక్కి వెళ్ళిపోతుంది. ఆ పద్ధతి పట్టాలకి మంచిదే. దాన్నే ఇంటికి కూడా తెచ్చానని నాకు తోచలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే చెబుతాను, బాగుంటే తిని లేస్తాను. మా బాబు చదువుకునే రోజుల్లో పదింట తొమ్మిది లెక్కలు సరిగ్గా చేసి చూపిస్తే పదోదాని మీద వేలు పెట్టేవాణ్ణి. నా సుద్దముక్క రిటైరవలేదన్నమాట.

ఇంటికొచ్చాక మా ఆవిడ మీగడరంగు చీర మడతపెట్టి సంచిలో పెట్టింది.

"ఇది ఎదురింట్లో ఇచ్చీండి" అంది.

వచ్చే ఆదివారం రెండో భాగం మొదలుపెడుతున్నారు కదా, చీర ఆ అమ్మాయికెందుకని అడిగాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయనీ, చీర ఉంది కాబట్టి ఇంకెవరినైనా చూసుకుంటారనీ చెప్పింది. బియ్యం కడుగుతూ, నావైపు చూడకుండా, ఇంకో మాట అంది.

"మీరు ఊరుకున్నా బాగుణ్ణు. నా వంటకి ఊరుకుంటారు కదా, అలాగ. ఊరుకుంటే బాగుందనే అనుకుందును."

అన్నం పెట్టింది. కానీ బావ అన్నదే నిజమైంది, సగం కంచంలోనే వదిలేసి లేచాను.

పెళ్ళయి భిలాయి వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఏ సభలోనూ ముందు నిలబడలేదు. సంఘంలో ఏ కార్యక్రమమైనా ఆమె వెనక వంటల దగ్గరే ఉండేది. హాల్లో వెయ్యకముందే సినిమా యూట్యూబ్‌లో పెట్టారు, అప్పట్నుంచి మా సెక్టర్ పిల్లలు ఆమెని 'భూత్ నానీ', అంటే దయ్యం అమ్మమ్మ, అని పిలుస్తున్నారు. పాల బూత్ మా వీధి చివరే ఉంది, అయినా ఆమె ఈమధ్య పార్కు చుట్టూ తిరిగి వెళుతోంది. ఎందుకో నాకు తెలుసు. అక్కడ ఆడుకునే పిల్లలు ఆమెని ఆ పేరుతో పిలుస్తారు. మర్నాడు పొద్దున్న మాత్రం ఆమె పార్కు వైపు పోకుండా నేరుగా వీధి చివరికే వెళ్ళి పాలు తెచ్చేసింది.

నేను సంచి పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. దారిలో మోకాళ్ళ నొప్పి అనే చెబుదామనుకున్నాను. ఆ అమ్మాయి తలుపు తీయగానే అబద్ధం నోట రాలేదు. నావల్లే రానంటోందని చెప్పాను.

"అంకుల్, ఆంటీ లేకపోతే నా దగ్గర పిక్చరే లేదు" అంది. "కళ్ళజోడు సీన్ నేను రాయలేదు. కాయిల్ పొగకి ఆంటీ చష్మా ధుంధ్లా అయిపోయి ఏం కనబడలేదు, ఆమే తుడుచుకున్నారు. మేం నవ్వుతూ కట్ చెప్పడం భూల్ గయే. మీరు చెప్పిన నీడ, గడియారం సహీ హై, మళ్ళీ చూసుకుంటా. చష్మా మాత్రం గలత్ బోలే ఆప్."

సంచి తీసుకోలేదు. నాతోనే పంపించేసింది.

నేను ఇంటికి వెళ్ళకుండా పార్కు బెంచీమీద కూర్చుని ఫోనులో సినిమా మళ్ళీ పెట్టాను. ఈసారి గోడల వంక చూడలేదు. గరిటె పట్టుకుని ఆయాసపడుతూ వచ్చిన దయ్యం గుమ్మంలో ఆగి, కళ్ళజోడు తీసి, చెంగుతో తీరిగ్గా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చెత్తబుట్టలోకి వంగి చూసి నిట్టూర్చింది. నేను పైకే నవ్వాను. పక్కన వాకింగుకొచ్చినాయన ఉలిక్కిపడి ఏమైంది భయ్యా అని అడిగితే, మా ఆవిడ అని ఫోను చూపించాను. ఆయనా కూర్చుని చూశాడు.

సినిమా కింద జనం రాసినవి కూడా చదివాను. లైటింగ్ బేకార్, భూత్ ఏక్ నంబర్ అని ఒకరు. చష్మా సీన్ వదలకుండా చూస్తున్నానని ఒకరు. దప్పళం ఎలా చేయాలో భూత్ నానీ చెప్పాలని ఒకరు. నాలాగే గడియారాన్ని పట్టుకున్నవాడు కూడా ఉన్నాడు, కానీ అతను దాని పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. అంతమంది చూసి, లోపాలు కనబడుతున్నా నవ్వుకుని వెళ్ళారు. నవ్వుకోకుండా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

సంచి స్కూటరు కొక్కేనికి తగిలించి పక్క ఊరు ఉతై సంతకి వెళ్ళాను. గుమ్మడికాయలు అమ్మే ఆమె ఛత్తీస్‌గఢీలో ఏ వంటకని అడిగింది. దయ్యానికన్నాను. ఏమనుకుందో, ఉన్నవాటిలో పెద్దది తీసిచ్చింది. దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని జాగ్రత్తగా నడుపుకుంటూ వచ్చి మా వరండాలో దించాను. ఎదురింటి అమ్మాయిని పిలిచాను. బావనీ, చర్చికి వెళ్ళే ఆవిడనీ కూడా రమ్మన్నాను. నేను తప్పు మాట అన్నది జనంలో, సరిదిద్దుకోవడం వంటింట్లో గుసగుసగా అయితే చాలదనిపించింది.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఏటండీ ఇది?" అంది.

కత్తి చేతిలో పట్టుకుని, వాళ్ళందరూ వింటుండగా చెప్పాను. "నిన్న హాల్లో నేను తప్పు చెప్పీసాను. దయ్యం బాగుంది. కళ్ళజోడు మరీ బాగుంది. రెండో భాగానికి మొదటి గాటు నేనే పెడతాను. దయ్యం రానంటే దప్పళం పెట్టుకుందాం."

నేను కిందకి కూర్చుని గాటు పెట్టి, మూత కోసి, ఒక కన్ను చెక్కాను. రెండో కన్ను చెక్కుతుంటే కత్తి జారింది. మా ఆవిడ లోపలికి వెళ్ళింది. ఇక రాదేమో అనుకున్నాను. ముగ్గు గీసే సుద్దముక్క పట్టుకుని వచ్చింది. వంగి, కళ్ళజోడు సవరించుకుని, నేను చెక్కిన రెండో కన్ను చుట్టూ సున్నా చుట్టింది.

"ఇది దానికన్నా పెద్దదైపోనాది. రిజెక్టు" అంది. లేచి వెళ్ళి స్కూటరు కొక్కేనికున్న చీర సంచి తీసుకుని లోపలికి పోయింది.

ఎదురింటి అమ్మాయి రెండు చేతులతో మూతి మూసుకుని నవ్వుతోంది. నేను మొదటి కన్నుని కూడా పెద్దది చేశాను.

గుజ్జు పారెయ్యలేదు. ఆ మధ్యాహ్నం అందరికీ మా ఇంట్లోనే దప్పళం. తింటూ, ముక్కలు బాగా ఉడికాయని చెప్పాను. అది నిజం. ఉప్పు కాస్త తక్కువైంది, అది చెప్పలేదు. మా ఆవిడ ఒక ముద్ద తిని నావైపు చూసింది.

"ఉప్పు తక్కువయింది. చెప్పరేటి?"

నేను లేచి ఉప్పు డబ్బా తెచ్చాను.