నయమైన కాలితో పళనికి

మా మామ పోయారు. ఆ పొద్దున నేను పనికి వెళుతూ తిరుప్పూరు బస్సులో ఉన్నాను. అత్త ఫోన్ చేసి, "మీ మామ పోయినారు కన్ను, వచ్చేయ్" అంది. ఏడవలేదు. ఏడాదిగా ఏడుస్తున్న మనిషికి ఆ పూటకు ఇంకేం మిగులుతుంది? సూలూరులో దిగి ఎదురు బస్సు కోసం నిలబడ్డాను. 'కన్ను' అన్నది మా కోయంబత్తూరు వైపు ముద్దు పిలుపు. నాకు నలభై దాటినా ఆ ఇంట్లో నేను కన్నునే.

మామ మా అమ్మకు అన్న. సింగానల్లూరులో మాకు పక్కిల్లే. ఇంటి వెనక రేకుల షెడ్డులో, కాలిపోయిన పంపు మోటార్లకు కొత్తగా రాగి తీగ చుట్టేవారు. మా వాళ్లందరిలాగే ఆయనకూ ఇంటి దేవుడు పెరుమాళ్లే, కానీ కష్టం వస్తే నోటికొచ్చేది మాత్రం పళని మురుగన్ పేరు. పెరుమాళ్లకు పెద్దరికం, మురుగన్‌కు చనువు. పక్కవీధి పిల్లవాణ్ణి పిలిచినట్టు పిలిచేవారు ఆయన్ని.

మామకు షుగరు. మా వీధిలో షుగరు లేని ఇల్లు ఏదంటే కాస్త ఆలోచించాలి. కానీ ఆయన మిగతావాళ్లలా మాత్ర మింగి మైసూరుపాకు తినే రకం కాదు. తెల్లవారి నడక, రాత్రికి రాగి సంకటి, పెళ్లిళ్లలో పాయసం వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం. అంత జాగ్రత్తగా ఉన్న మనిషికి కూడా కాళ్లలో స్పర్శ పోయింది. అది పోయిందని ఆయనకే తెలియదు.

ఒకరోజు షెడ్డులోంచి వంటింటి దాకా నేల మీద ఎర్రటి అడుగులు పడ్డాయి. అత్త కుంకుమ ఒలికిందనుకుంది. తెగిన రాగి తీగ ముక్క అరికాల్లో దిగి ఉంది. ఆయన దాని మీదే నడుస్తూ వచ్చి, ఇవాళ ఏం కూర అని అడుగుతున్నారు.

ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. కట్టు మార్పించడానికి నా స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్లేదాన్ని. డాక్టరమ్మ చిన్న వయసుదే, మాట మాత్రం ముక్కుసూటి. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా అడుగు వేయకూడదంది. మా ఇళ్లలో చెప్పులు గేటు దాటి లోపలికి రావు. అలాంటిది అత్తే మెత్తటి చెప్పులు కొని, తడిగుడ్డతో తుడిచి, పూజ గది ముందే ఆయన కాళ్లకు తొడిగింది. వచ్చిన చుట్టాలు చెప్పుల వంక చూసేవారు. అత్త వాళ్ల వంక చూసేది.

పుండు మానింది. ఇక మామ ప్రచారానికి దిగారు. ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన షుగరు రోగి కనబడితే చాలు, పక్కన కూర్చునేవారు. "నొప్పి ఉండేది మంచిది సామీ. నొప్పి లేని కాలు, ఫ్యూజు లేని మోటారు. కాలిపొయ్యేదాకా తెల్దు" అనేవారు. డాక్టరమ్మ నవ్వి, ఆ మాట తనూ వాడుకోవడం మొదలుపెట్టింది. మేం గెలిచామనే అనుకున్నాను.

మార్గళి నెలాఖరున, సంక్రాంతి ముందు ఒక ఉదయం ఆయన మెడలో మాల, ఒంటిమీద పచ్చపంచెతో బయటికి వచ్చారు. తై నెలలో వచ్చే మురుగన్ పండుగ తై పూసానికి పళనికి నడిచి వెళతానన్నారు. కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరమ్మ అన్న రోజున, మంచం మీదే మొక్కుకున్నారట: ఈ కాలు నాకు ఉంచు, ఈ కాలితోనే, చెప్పుల్లేకుండా నీ కొండకు నడిచి వస్తాను అని. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాల వేసుకోని మనిషినైతే తిట్టి ఆపవచ్చు. వేసుకున్నాక మొగుడైనా, మామైనా 'సామి' అయిపోతాడు. చేతులు జోడించాల్సిందే తప్ప గొంతు పెంచకూడదు. అత్త తెలివిగా ఒక చిన్న వెండి కాలు కొనుక్కొచ్చింది. "ఏనుంగ, ఇది తీసకపొయ్యి ఉండియల్లో వేసి వస్తాము, బస్సులో" అని మెల్లగా అడిగింది. మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నయమయింది వెండి కాలా?" అన్నారు.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే చేతులు కట్టుకుని అంతా విన్నారు. కనీసం చెప్పులైనా తీసుకెళ్లమంటే తలూపారు. తీసుకెళ్లారు కూడా, సంచిలో.

ఆయన గుంపుతో తిరిగి వచ్చిన రోజు ఇల్లంతా పండుగలా ఉంది. ధారాపురం దాటాక ఎండలో తారురోడ్డు మీద వయసు కుర్రాళ్లే కాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఏడ్చారనీ, మన సామి మాత్రం కుంటకుండా అందరికన్నా ముందు నడిచారనీ, మురుగనే మోసుకెళ్లాడనీ గుంపులో ఒకాయన దండాలు పెడుతూ చెప్పాడు. వింటూనే నేను మామ కాళ్ల వంక చూశాను. మామ ముఖం వెలిగిపోతోంది. అందరికీ పంచామృతం పంచి, తను మాత్రం వేలి కొసతో నాలుకకు తాకించుకున్నారు. అత్త నేల మీద కూర్చుని, ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో మట్టి తుడిచింది. మట్టితో పాటు చర్మమూ ఊడి వచ్చింది.

ఆ తర్వాతది చెప్పడానికి ఎక్కువ లేదు. ముందు వేళ్లు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింది వరకూ తీసేశారు. చివరికి కిడ్నీలు. డాక్టరమ్మ చేయగలిగినదంతా చేసింది. ఒకరోజు వార్డులో కోపం ఆగక, "ఆ దేవుడు అడిగినాడా మామా?" అన్నాను.

"అడగలేదు కన్ను. అడిగుంటే బేరమాడేసి ఉందును. నేనే చెప్పినాను గదా. నేను చెప్పింది నేనెట్ల తప్పేది?"

ఎవరిని తిట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. పుండును మాన్పింది మందే. కానీ ఆ నెలలన్నీ ఒక్క కట్టూ తప్పనీయకుండా పొద్దున్నే లేపి స్కూటరు ఎక్కించింది ఆ మొక్కేనేమో. ఆయన్ని నిలబెట్టిందీ అదే, పడగొట్టిందీ అదే అయితే, మేం దేన్ని ఆపి ఉండాలి? మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇప్పుడు మళ్లీ తై నెల. మా రోడ్డు మీద పళని గుంపులు వెళుతున్నాయి. అత్త గేటు దగ్గర బిందెతో మజ్జిగ పెట్టుకుని నిలబడుతోంది. మజ్జిగ ఇస్తూ కాస్త వయసైన వాళ్లందరినీ షుగరు ఉందా అని అడుగుతోంది. నిన్న మన తెలుగే మాట్లాడే ఒక పెద్దాయన గ్లాసు అందుకుని నవ్వాడు.

"ఉండాదమ్మా. అయితే మురుగన్ దయ చూడు, ఇంత దూరం నడిచినా కాళ్లల్లో రవ్వంత నొప్పి లేదు."

అత్త ఆయన్ని కూర్చోమంది. బస్సు ఎక్కమని బతిమాలింది. ఆయన చేతులు జోడించి, ఖాళీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి గుంపులో కలిశాడు. వట్టి కాళ్లతో, కుంటకుండా, అందరికన్నా ముందు నడుస్తున్నాడు. మలుపు తిరిగేదాకా అత్త ఆ కాళ్లనే చూస్తూ నిలబడింది.