స్టెప్పులు లేని ఆన్సర్

పర్చూరు దగ్గర ఒక హైస్కూల్లో నేను లెక్కల మాస్టార్ని. ఊళ్లో నాకు మితభాషినని పేరుండేది. నోట్లో జర్దా కిళ్ళీ పెట్టుకుని ఎవరు మాత్రం ఎక్కువ మాట్లాడగలరు? ఇరవై ఏళ్లు నా గాంభీర్యమంతా ఎడమ బుగ్గలోనే ఉంది.

ఉన్నట్టుండి కారం తగిలితే నోరు మండటం మొదలైంది. మిరప పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి, మూడు పూటలా పెరుగన్నానికి దిగాను. మా ఆవిడ పోరు పడలేక ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారింకా రాలేదు. నర్సు నన్ను చూడగానే లేచి నిలబడింది.

"నమస్తే సార్! పదో తరగతి మీ దగ్గరే చదివాను. లెక్కల్లో అత్తెసరు మార్కులు."

"సంతోషం తల్లీ," అన్నాను పెదవులు సరిగ్గా కదపకుండా.

"నోరు తెరవండి సార్."

"డాక్టరు గారు వచ్చాక చూద్దాంలే."

"తెరవండి."

అచ్చం క్లాసులో నేను వాడే గొంతే. తెరిచాను. టార్చి వేసి చూసింది. ముఖంలో నవ్వు పోయింది. బుగ్గ లోపల తెల్లమచ్చ ఉందట.

డాక్టరు గారు గుంటూరు పంపి, చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించారు. ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. క్యాన్సర్ కాదన్నారు. కానీ నమలడం మానకపోతే ఎప్పటికైనా ప్రమాదమేనన్నారు.

"ఇక జన్మలో ముట్టను," అని నర్సు ముందు ఘనంగా ప్రకటించాను.

"జన్మ సంగతి తర్వాత సార్. ఇవాళ మధ్యాహ్నం భోంచేశాక ఏం చేస్తారో చెప్పండి."

ఒక నోటుబుక్కు చేతిలో పెట్టింది. నాలుక ఎప్పుడెప్పుడు లాగిందో, అప్పుడేం చేశానో రాసి శుక్రవారం శుక్రవారం చూపించాలట. ఇన్నేళ్లు హోంవర్కు ఇచ్చినవాణ్ణి, హోంవర్కు తెచ్చుకుని ఇంటికొచ్చాను.

మూడో శుక్రవారం 'ఈ వారం ఒక్కటీ వేసుకోలేదు' అని ఒకే ముక్క రాసుకెళ్లాను. ఆమె నోటుబుక్కు చూసింది. తర్వాత నా చొక్కా జేబు కింద ఉన్న ఎర్రటి మరక చూసింది.

"ఆన్సర్ బాగుంది సార్. స్టెప్పులే లేవు."

సిగ్గుతో తల దించుకున్నాను. చిలకలూరిపేట బస్టాండులో బస్సు ఆలస్యమైతే కిళ్ళీ బడ్డీ దాకా నడిచానని ఒప్పుకున్నాను.

"ఒక్కచోట తప్పితే మొత్తం తప్పినట్టు కాదు సార్. ఎక్కడ తప్పామో తెలిసిందిగా, అక్కణ్ణుంచి మళ్లీ చేద్దాం," అంది.

ఈ మాట నేను ఏ పిల్లకీ ఎప్పుడూ చెప్పలేదు. ఒక్క స్టెప్పు తప్పినా లెక్కంతా ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసేవాణ్ణి. ఈమె కాగితాలు కూడా ఎన్ని కొట్టేశానో.

ఎనిమిది నెలలు పట్టింది, మధ్యలో ఇంకో రెండుసార్లు జారాను. కిళ్ళీ వదిలింది, మచ్చ కూడా పలచబడింది. పూతరేకులు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. పొట్లం అందుకుని ఆ అమ్మాయి కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"సార్, మా నాన్న ఖైనీ మానడంలేదు. నా మాటంటే లెక్కలేదు. మీరొకసారి వస్తారా?"

ఆ ఆదివారమే వెళ్లాను. నన్ను చూసి పెద్దాయన గబుక్కున ఖైనీ పొట్లం పంచె మడతలో దాచేసి, "రండి మాస్టారూ," అంటూ మంచం వాల్చాడు. నేను చూడనట్టే కూర్చుని, నా బుగ్గ సంగతి చెప్పడం మొదలుపెట్టాను.