ఉబోంగ్ పట్టు

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో నర్సింగ్ చదివే ఉబోంగ్ ఎవరితోనైనా చేయి కలిపితే, అతని వేళ్లు మణికట్టుదాకా పాకి ఎదుటివాడి బలం తూచేవి. నైజీరియాలో తన ఇబిబియో జనం తరతరాలుగా ఆడే కుస్తీ మేనమామల దగ్గర నేర్చుకున్నాడు. రోజూ తెల్లవారగానే సముద్రపు ఇసుకలో ఒంటరిగా పట్లు సాధన చేసేవాడు. ఎవరైనా నవ్వితే కుస్తీ పట్టుకి సిద్ధమైనట్టు మరింత వంగి నిలబడేవాడు.

ఒడ్డున కల్చరల్ డే జరిగిన రోజు నిర్వాహకురాలు హెలెనా, "స్టేజీ మీద మీ డ్రెస్‌లో నిలబడు, ఫొటోలకి చాలు. ఫైట్ మాత్రం వద్దు," అంది. ఉబోంగ్ చెవులు వేడెక్కాయి.

"ఇది వేషం కాదు. వెన్ను నేలకి తగిలేదాకా ఆడే ఆట," అంటూ స్టేజీ దిగి ఇసుకలోకి నడిచాడు. "ఎవరొస్తారు?"

ఎవరూ కదల్లేదు. అతని రూమ్మేట్, భీమవరం సుబ్బరాజు, "ఈ ఫోన్ పట్టుకో అమూల్యా. మన మేట్‌ని ఒక్కణ్ణే వదిలేస్తే ఎట్టా?" అని క్లాస్‌మేట్‌కి చెప్పి బరిలోకి దిగాడు. పట్టు పట్టాడు, పెనుగులాడాడు, చివరికి వెల్లకిలా పడ్డాడు. ఉబోంగ్ అతన్ని లేపి, మెచ్చుకోలుగా భుజానికెత్తుకున్నాడు.

హెలెనా పరుగున వచ్చి, "ప్లీజ్, స్టాప్!" అంది.

"నెక్స్ట్?" అన్నాడు ఉబోంగ్.

అప్పటికి స్టేజీ ముందు కుర్చీల్లో ఒక్కరూ లేరు; అంతా వచ్చి ఇసుకలో బరి చుట్టూ మూగారు.