మా కారు ఏసీ, మా అత్త పప్పుల పొడి

మా అత్త చేసే పప్పుల పొడి తినని ఇల్లు బద్వేలులో మా మామ వీధి మొత్తం మీద ఉండదు. దాన్ని ముక్కుతో పీల్చినవాళ్లు మాత్రం భూమ్మీద నలుగురే. ఆ నలుగురిలో ఒకణ్ని నేను. మిగతా ముగ్గురి చేత పీల్పించినవాణ్ని కూడా నేనే. ఈ ఘనకార్యాన్ని ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫిజిక్సు డిగ్రీ సాయంతో నట్టనడి మే నెలలో సాధించాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే కాస్త నవ్వుకోండి, తర్వాత తుమ్ములు మొదలవుతాయి.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ని. వేడి ఎక్కణ్నించి ఎక్కడికి, ఎందుకు పోతుందో బోర్డు మీద బొమ్మలు గీసి, పిల్లలు నిద్రపోయేదాకా వివరించేవాణ్ని. పెళ్లికి ముందే కొన్న పాత కారు ఒకటుండేది. దాని ఏసీ చలికాలంలో అద్భుతంగా పనిచేసేది.

ఆ వేసవిలో అత్తమామలనూ మా ఆవిడ శిరీషనూ ఎక్కించుకుని అహోబిలం బయలుదేరాను. మా మామ ఓబులేసుకు బద్వేలులో ఎరువుల అంగడి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, వాటికి తగ్గ తెల్ల మీసం. ఎరువుల బస్తాల మధ్య రోజంతా తిరిగినా ఆ తెలుపు మీద మచ్చ పడనిచ్చేవాడు కాదు. ఆ మనిషి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆళ్లగడ్డ దాటేసరికి ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఏమప్పా అల్లుడా, దీంట్లోంచి గాలి వస్తాండాదా, లోపలికి పోతాండాదా?" అన్నాడు ఏసీ రంధ్రం దగ్గర అరచేయి పెట్టి.

"వస్తాండాది మామా. ఇంగ కొంచేపటికి సల్లబడతాది."

"యాడ? కొండెక్కినంకనా?"

కొండెక్కాక కూడా చల్లబడలేదు. దర్శనం చేసుకుని దిగి వచ్చేసరికి కారు లోపల రొట్టె కాల్చుకునేంత వేడి ఉంది. శిరీష ముఖం ఎర్రబారింది. మామ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, కారును చూశాడు. ఆళ్లగడ్డలో దించమన్నాడు. అక్కణ్నించి ముగ్గురూ బస్సులో బద్వేలు పోతారట.

"మూడు మాటలు చెప్తా విను. బిడ్డ మొగం చూడు, మిరప్పండయింది. బండి సల్లబడినంక ఫోన్ చెయ్, నేనే ఎక్కి చూస్తా, బాగుంటే పంపిస్తా. ల్యాకుంటే వానలు పడినంక చూస్తాం."

రాయలసీమలో 'వానలు పడినాక' అంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ లెక్కన నా భార్య ఆ ఏడాది ఇంటికి వస్తుందో, వచ్చే ఏడాది వస్తుందో. బస్సు కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపుతుంటే నాకు నిజంగానే దిగులేసింది.

కర్నూలులో ఇల్లు బోసిపోయింది. టిఫినుకు ఉగ్గాని చేసుకుందామని బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో వేసి, ఫోన్‌లో ఏసీ రిపేరు వీడియోలు చూస్తూ కూర్చున్నాను. గుర్తొచ్చి చూసేసరికి బొరుగులు గోడకు పోస్టర్లు అంటించడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇలా లాభం లేదు, కారు చల్లబడాల్సిందే అనుకున్నాను.

పక్కింటి మస్తాన్ భాయ్ గోడ మీంచి తొంగి చూశాడు. "సార్, గ్యాస్ అయిపోయింటాది. మెకానిక్‌కు చూపియ్యండి."

"అట్ల గుడ్డిగా చూపియ్యకూడదు భాయ్. శాస్త్రీయంగా పోవాల."

"ఎట్లనన్నా పోండి సార్. పోయి మెకానిక్‌కు చూపియ్యండి."

నేను పోలేదు. ఆలోచించాను. మనం ఎండాకాలంలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లితే ఇల్లంతా చల్లబడుతుంది కదా. మరి కారు ముక్కుకు కడితే? ఈ ఆలోచన వచ్చిన క్షణంలో నాకు ఒళ్లు పులకరించింది. ఇంత తేలిక విషయం కార్ల కంపెనీలకు ఇన్నేళ్లుగా ఎందుకు తట్టలేదా అని జాలి కూడా వేసింది. వెంటనే బజారుకు పోయి తడిక కొని, తాళ్లతో కారు ముందు భాగానికి బిగించి, బకెట్టు నీళ్లు గుమ్మరించి బయలుదేరాను.

"బండికి ముసుగేసినారేంది సార్?" అన్నాడు మస్తాన్ భాయ్.

"చూస్తా ఉండు భాయ్."

రాజ్‌విహార్ సెంటర్ దాకా పరిమళం బ్రహ్మాండంగా వచ్చింది. అక్కడ ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ కింద నుంచి పొగలు మొదలయ్యాయి. గాలి ఆడాల్సిన చోట నేను తలుపు మూసిపెట్టానని అప్పుడు తట్టింది. నడిరోడ్డు మీద తాళ్లు కోసి తడిక పీకుతుంటే ఒక ఆటో అతను ఆపి, "పెండ్లి బండా అన్నా?" అని అడిగాడు. అవునన్నాను. వేరే ఏం చెప్పమంటారు?

ఇంకొకరైతే ఇక్కడితో బుద్ధి తెచ్చుకునేవాళ్లు. నాకు మాత్రం పట్టుదల పెరిగింది. ఆ రాత్రి ఇంకో వీడియో చూశాను. ముందు సీటు ఎదురుగా సామాను పెట్టుకునే అర ఉంటుందే, గ్లవ్‌బాక్సు, దాన్ని ఊడదీస్తే వెనకాల సన్నటి మూత ఉంటుందట. ఆ మూత తీస్తే ఏసీకి గాలి వడపోసే ఫిల్టరు ఉంటుందట. అది మూసుకుపోతే గాలి రాదట.

తెల్లారగానే స్క్రూడ్రైవరు తీసుకుని కారులో తలకిందులుగా దూరాను. గ్లవ్‌బాక్సును పట్టుకునే కొక్కెం ఒకటి టక్కున విరిగింది. పోనీలే, ఇంకోటి ఉంది. మూత లాగాను. ఫిల్టరు బయటికి వచ్చింది. చూడాలి దాన్ని. నంద్యాల రోడ్డు దుమ్మంతా దాంట్లోనే ఉంది. వేపపూత, ఎండుటాకులు, రెండు మిడతలు, ఒక చాక్లెట్ కాగితం. దొంగను పట్టుకున్నంత ఆనందం కలిగింది నాకు. శిరీషకు ఫోన్ చేశాను.

"దొరికింది శిరీషా, దొరికింది."

"ఏం దొరికింది? ఏమన్నా పోయిందా?"

"ఏసీ జబ్బు. బండికి ఊపిరాడటం ల్యా, అంతే."

"మెకానిక్ చెప్పినాడా?"

"నేనే కనుక్కున్నా."

"జాగ్రత్త" అంది. ప్రేమతో అందనుకున్నాను.

ఫిల్టరును బకెట్టు నీళ్లలో ముంచి బట్టలు ఉతికినట్టు ఉతికాను. అది అట్టతో చేసిందని తెలిసేసరికి నా చేతిలో ముద్దయి ఉంది. దాన్నే మేడ మీద తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసి వచ్చి, ఫిల్టరు లేకుండానే ఏసీ వేసి చూశాను. అబ్బ, ఏం గాలి! రంధ్రాల్లోంచి జోరుగా, చల్లగా, నా జుట్టు వెనక్కి పోయేంత వేగంగా వచ్చింది. ఫిల్టరు లేకపోవడమే మందన్నమాట. ఇక దాన్ని మళ్లీ పెట్టడమెందుకు? మూత కూడా తిరిగి బిగించలేదు, అది ఉంటే గాలికి అడ్డం కదా. గ్లవ్‌బాక్సును మాత్రం ఉన్న ఒక్క కొక్కేనికే తగిలించాను. వెనకవైపు రెండు వేళ్ల సందు మిగిలింది. బయటికి కనపడదు కాబట్టి పట్టించుకోలేదు.

మిగిలిన మూతను జేబులో వేసుకుని బద్వేలు బయలుదేరాను. దారంతా ఒకటే హుషారు. మైదుకూరు దగ్గర చలేసి ఏసీ తగ్గించుకున్నానంటే మీరు నమ్మాలి.

మామ ఇంటి ముందు కారు ఆపి, కాఫీ తాగుతూ ఆయనకు మొత్తం సిద్ధాంతం వివరించాను. చివర్లో జేబులోంచి మూత తీసి చూపించాను.

"ఇది మామా, కంపెనీవాళ్లు అనవసరంగా పెట్టినారు."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అనవసరమైంది కంపెనీ ఏంటికి పెడతాదప్పా?"

"వాళ్లకు మన ఎండలు తెలీవు మామా."

ఆ జవాబు ఆయనకు నచ్చినట్టే కనిపించింది. కానీ పరీక్ష పరీక్షే. కారును ఎండలోనే వదిలి, మిట్టమధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం ఎక్కాలి, ఊరి బయటి దాకా ఒక చుట్టు తిరిగి రావాలి, ఆయన తృప్తి పడితే శిరీష పెట్టె ఎక్కించాలి. శిరీష పెట్టె సర్దుకుని సిద్ధంగా ఉంది. నాకు ఫస్టు క్లాసు గ్యారంటీ అనిపించింది.

మామ ముందు కూర్చున్నాడు, ఉతికిన తెల్ల చొక్కాలో. వెనక శిరీష. అత్త చివరగా వచ్చింది, చేతిలో దారం చుట్టిన పేపరు పొట్లం. పొద్దున్నే మాకోసం దంచిన పప్పుల పొడి. వేయించిన పప్పులు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, ధారాళంగా ఎండుమిరపకాయలు.

"నా కాళ్లకాడ పెట్టుకుంటాలే అత్తా" అన్నాను.

"తినేది కాళ్లకాడ పెట్టకూడదప్పా. ముందర డబ్బాలో పెట్టు."

మామ పొట్లం అందుకుని గ్లవ్‌బాక్సులో పెట్టి మూశాడు. ఒక్క కొక్కెం మీద వేలాడుతున్నది కదా, గడియ పడలేదు. ఆయన బస్తాలు తోసిన చేత్తో ఒక్క తోపు తోశాడు. పడింది. లోపల వెనకవైపు ఏదో జారిన చప్పుడైంది. నాకు వినిపించింది. అయినా నేను పట్టించుకోలేదు.

"ఊఁ, వెయ్" అన్నాడు మామ, ఎదురుగా ఉన్న రంధ్రాలు రెండూ తన ముఖానికి తిప్పుకుని.

ఏసీ వేశాను. మొదట వేడిగాలి, ఆ వెంటనే లోపల గరగరమని చప్పుడు.

"ఏందప్పా అది?"

"పవర్ మామా."

"అట్లనా. అయితే ఇంగా పెంచు."

మూడో నంబరుకు పెంచాను. గరగర కాస్తా బర్రుమంది, పేపరు చిరిగినట్టు. తర్వాత జరిగింది ఎలా చెప్పాలో తెలియడం లేదు. కారులో ఉన్న రంధ్రాలన్నింటిలోంచీ ఒకేసారి ఎర్రటి దుమ్ము లేచింది. ఒక్క క్షణం మామ కనిపించలేదు. ఆయన ఉండాల్సిన చోటునుంచి ఒక తుమ్ము వినిపించింది. ఆపుదామని చేయి పెట్టి, కంగారులో నాలుగో నంబరుకు తిప్పాను.

ఇక తుమ్ములకు అంతు లేదు. వెనక అత్త "నా కండ్లు, నా కండ్లు" అంటోంది. శిరీష తలుపు కోసం తడుముతోంది. నేను ఒక చేత్తో కళ్లు మూసుకుని రెండో చేత్తో దొరికిన బటనల్లా నొక్కాను. వైపర్లు తిరిగాయి, హారన్ మోగింది, ఏసీ మాత్రం ఆగలేదు. చివరికి నలుగురం నాలుగు తలుపుల్లోంచి వీధిలో పడ్డాం. హారన్ విని వచ్చిన జనం అప్పటికే గుమిగూడారు.

మామ నిలబడ్డాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, తెల్ల మీసం, అన్నీ ఒకే రంగు. ఆయన నెమ్మదిగా నాలుక చాపి మీసం అంచు ఒకసారి నాకి చూశాడు.

"ఉప్పు తక్కువైందే" అన్నాడు అత్తతో.

"మీకు బీపీ ఉండాదని తగ్గించినా" అంది అత్త, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

ఆయన నావైపు తిరిగాడు. "గాలి మాత్రం శానా బాగా వస్తాండాదప్పా." ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆయన అక్కడితో ఆపలేదు. "బిడ్డా, నువ్వు పెట్టె తీస్కోని లోపలికి పో. వానలు పడినంక చూస్తాం."

అయిపోయింది. నా కళ్లలో అప్పుడు వచ్చిన నీళ్లు కారానివి కావని ఈరోజు దాకా ఎవరికీ చెప్పలేదు. శిరీష గడప మీద కూర్చుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే, నవ్వి నవ్వి ఊపిరి అందక కూర్చుంది.

"ల్యా నాయనా. నేను ఇప్పుడే పోతా" అంది.

"ఈ బండ్లోనా? ఈ ఎండకా?"

"ఈయప్పను ఒంటిగా వదిలితే ఎట్ల నాయనా? ఇయ్యాల కారు విప్పినాడు. రేపు ఫ్రిజ్ విప్పుతాడు. ఆ తర్వాత ఇంట్లో మిగిలేది గ్యాస్ సిలిండరే."

ఈ వాదనలో మామకు లోపం కనపడలేదు. పెట్టెను తానే తెచ్చి వెనక సీట్లో పెట్టాడు.

బద్వేలు నుంచి కర్నూలు దాకా అద్దాలన్నీ దించుకుని, వడగాలిలో, వంతులవారీగా తుమ్ముకుంటూ వచ్చాం. తల మీద తడి తువ్వాలు కప్పుకుని శిరీష దారంతా నవ్వుతూనే ఉంది. అంత ఉక్కపోతలో అంత సంతోషంగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు. ఇల్లు చేరేసరికి మేడ మీద తీగకు ఫిల్టరు అట్టముక్క ఇంకా వేలాడుతోంది. మస్తాన్ భాయ్ గోడ మీంచి మా ఇద్దరి రంగూ చూసి మెకానిక్ ఫోన్ నంబరు చెప్పాడు.

మెకానిక్ కొత్త ఫిల్టరు వేశాడు, మూత బిగించాడు, లోపలంతా కడిగాడు. ఏసీ చక్కగా పనిచేసింది. వెల్లుల్లి వాసన మాత్రం పోలేదు. ఇప్పటికీ మా కారెక్కినవాళ్లకు పది నిమిషాల్లో ఆకలేస్తుంది.

కాబట్టి, అహోబిలం నరసింహస్వామి సాక్షిగా, ఆ కారు సాక్షిగా, ఓబులేసు మామ మీసం సాక్షిగా ఈ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట బండి ఎంత కాలినా, బుర్రలో ఎంత గొప్ప ఆలోచన మెరిసినా, స్క్రూడ్రైవరు ముట్టను. మూతలు పీకను, తడికలు కట్టను. అత్త పప్పుల పొడిలో ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతోనే చూస్తాను.