మిరప కల్లంలో కొబ్బరినూనె

మా మిరప కల్లంలో తెల్లబడి పాడైన తాలుకాయలు ఏరడానికి కూర్చునే ముందు అందరం చేతులకు కొబ్బరినూనె రాసుకుంటాం. లేకపోతే రాత్రికి వేళ్లు మండి అన్నం కలపలేం. అన్నయ్య జేబులో ఎప్పుడూ చిన్న నూనె సీసా ఉంటుంది.

అన్నయ్యకు మగవాళ్లంటేనే ఇష్టమని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. "నీకే ఎందుకు చెప్పానో తెలుసా? నువ్వు మనుషులతో మాట్లాడవు కదే," అన్నాడు ఆ సంగతి చెప్పిన రోజు.

కిందటేడు కోతలయ్యాక ఒక సాయంత్రం, అమ్మ టీ పెట్టడానికి వెళ్లగానే మెల్లగా చెప్పాడు. "కండోమ్ చిరిగిందే. ఇది రెండోసారి. ఆ అబ్బాయి ఫోనెత్తడం లేదు. హెచ్‌ఐవీ గానీ అంటుకుందేమో."

ఆ మాట పుస్తకాల్లో చదివానే గాని ఇంట్లో వినలేదు. కాయల మీంచి తలెత్తకుండానే, "పరీక్ష చేయించుకో. నేనూ వస్తా," అన్నాను.

"నువ్వా? కొట్లో ఉప్పడగడానికే సిగ్గుపడతావు!"

"అక్కడ అడిగేది నువ్వేగా."

ఊళ్లోవాళ్లు తగలకూడదని దగ్గరి ఆసుపత్రి వదిలేసి ఒంగోలు వెళ్లాం. అక్కడి ఆసుపత్రిలో పరీక్షకు ముందు మాట్లాడే కౌన్సిలర్ నడివయసాయన. నన్ను చూసి మొహమాటపడి, అన్నయ్య ఫర్వాలేదన్నాక అడిగాడు.

"కండోముతో పాటు ఏమైనా రాస్తారా బాబూ?"

అన్నయ్య జేబులోని సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన నవ్వేశాడు.

"మిరప రైతులా? మీ వైపు వాళ్లందరి దగ్గరా ఇదే సీసా. నూనె తగిలితే రబ్బరు చిరుగుతుందయ్యా. నీళ్లతో చేసిన జెల్లు వాడాలి."

ఆ రోజు పరీక్షలో ఏమీ లేదన్నారు. కానీ అంత త్వరగా బయటపడకపోవచ్చట, మూడు నెలలాగి మళ్లీ రమ్మన్నారు.

ఆ మూడు నెలలూ అన్నయ్య ఒక్కరోజు కూడా పని మానలేదు. అన్నం మాత్రం సగంలో లేచేవాడు. ఒకరోజు అమ్మ ఇంట్లో లేనప్పుడు పెరట్లో స్నేహితుడితో ఫోన్లో అరుస్తున్నాడు. "ఒరేయ్, చేతులకు నూనె, దానికి జెల్లు! కలిపావో, చచ్చావురా!" "ఏరా, డాక్టరువయ్యావా?" అని అవతలివాడు అంటుంటే స్పీకర్లో నాకూ వినిపించింది. "ముందు వెళ్లి పరీక్ష చేయించుకోరా సన్నాసీ," అన్నాడు అన్నయ్య.

రెండోసారి ఒంగోల్లో నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. అన్నయ్య పెద్ద సంచీతో వచ్చాడు.

"నాలాంటి స్నేహితులకిమ్మని బోలెడు జెల్లు ప్యాకెట్లు, కండోములు ఇచ్చాడే ఆయన."

"ఫలితం?"

"చెప్పలేదా?"

"చెప్పలేదు."

"జబ్బేమీ లేదే తల్లీ. లేదు."

బస్సులో సంచీ నా ఒళ్లో పెట్టాడు. "నీ చేతిలో సంచీ ఉంటే పుస్తకాలు తప్ప ఇంకేముంటాయనుకుంటారు?" అని కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఊరొచ్చేదాకా నేను దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.