రాగి కాగు వంశవృక్షం

కంప్యూటర్లు రెండు సున్నాలకు భయపడిన కాలం ఒకటుండేది. ఆ భయమే మాలాంటివాళ్ళకు అన్నం పెట్టింది. ఏడాదిని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ రెండువేల సంవత్సరం రాగానే తికమకపడి కుప్పకూలిపోతాయని లోకమంతా కంగారుపడుతున్న రోజుల్లో, కాకినాడ పక్కనుంచి నన్ను విమానమెక్కించి సిడ్నీలో దింపారు. జనవరి ఒకటో తారీఖు వచ్చింది. ఏ కంప్యూటరూ కూలలేదు, మా ఉద్యోగాలు కూలాయి. (అంత బాగా పనిచేసినందుకు గర్వపడాలో, కొంచెం చెడగొట్టి ఉండాల్సిందని బాధపడాలో అప్పట్లో తేల్చుకోలేకపోయాను.) పెండిల్ హిల్‌లో ఒక పాత ఇంట్లో నేనూ, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దయిన మెయిన్‌ఫ్రేమ్ అన్నా అద్దెకుండేవాళ్ళం. ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలపు పెద్ద కంప్యూటర్లు చూసేవాడు, పప్పులో ఉప్పు తక్కువైందన్నా "అదే మెయిన్‌ఫ్రేమ్‌లో అయితేనా" అని మొదలుపెట్టేవాడు కాబట్టి ఆయనకు ఆ పేరు స్థిరపడింది. ఆయన ఉద్యోగం నిలిచింది. నేను మాత్రం పొద్దున్నే తలదువ్వుకుని, ఇంకెక్కడికీ వెళ్ళేది లేక వరండాలో కూర్చునేవాణ్ణి.

పక్కింట్లో ఒక ఆస్ట్రేలియా పెద్దాయన ఉండేవాడు. డెబ్బై దాటినవాడు, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు, భార్య పోయి రెండేళ్ళయింది. నేను "అంకుల్" అని పిలిస్తే మొదట్లో తన వెనకాల ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసేవాడు. కూతురు కొనిచ్చిన కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి, దాని మీద పూలకుండీ పెట్టుకున్నాడు. ఒకరోజు ఆయనే కంచె దగ్గరికొచ్చి, "నువ్వు కంప్యూటర్ మనిషివట. నాకు మా వంశవృక్షం అందులోకి ఎక్కించాలి. నీకేం కావాలి?" అన్నాడు. డ్రైవింగ్ నేర్పితే చాలన్నాను. లైసెన్సు లేదని రెండు ఉద్యోగాలు అప్పటికే చేజారాయి. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "సైకిలొచ్చా?" అని అడిగాడు. వచ్చన్నాను. "అయితే ఆశ ఉంది" అన్నాడు.

వాళ్ళ వంశానికి మూలపురుషుడు, ఈయనకు ముత్తాతకు తండ్రి, ఇంగ్లండునుంచి సొంత ఖర్చుమీద ఓడెక్కి వచ్చిన రైతట. బ్లూ మౌంటెన్స్ అనే కొండలమీదుగా ఎడ్లబండి తోలుకుని, గొర్రెలమందతో అవతలి బాథర్స్ట్ మైదానానికి వెళ్ళి స్థిరపడిన తొలివాళ్ళలో ఒకడట. (ఆ కొండలు దాటే దారి తెల్లవాళ్ళు రాకముందునుంచే అక్కడి ఆదివాసులకు తెలుసని కూడా ఆయనే చెప్పాడు. "మావాళ్ళు అడిగి ఉంటే చెప్పేవాళ్ళే. అడగలేదు" అన్నాడు.) నేను వారం రోజులు కూర్చుని పేర్లన్నీ ఎక్కించాను. అందరికీ పైన ఆ రైతును పెట్టి, ఆయన గురించి పెద్దాయన చెప్పిన కథను నా ఇంగ్లీషులో టైపు చేశాను. గొర్రెల సంఖ్య రోజురోజుకూ పెరిగేది. ఈస్టర్ పండక్కి చుట్టాలందరూ వస్తున్నారని, ఆ కథను పుస్తకంగా అచ్చువేయించి తలా ఒకటి ఇవ్వాలని ఆయన కోరిక. దానికి ముందు ఆ దారిలో ఒకసారి తను స్వయంగా వెళ్ళాలన్నాడు. "బండి నువ్వు తోలుతావు" అన్నాడు.

కారు ముందూ వెనకా పసుపుపచ్చ పలకమీద ఎల్ అక్షరం తగిలించుకుని బయల్దేరాం. కొండెక్కుతుంటే నా వెనకాల ఊరేగింపులా కార్లు కట్టాయి. పెద్దాయన కిటికీలోంచి చేయి బయటపెట్టి వాళ్ళను దాటిపొమ్మని సైగలు చేస్తూ, "మా తాత ఎడ్లు కూడా మనల్ని దాటిపోయేవి, మేట్" అన్నాడు. మౌంట్ యార్క్ దగ్గర కారాపించి పాత దారి చూపించాడు. దారి అంటే, గోడలాంటి దిగుడు. బళ్ళు జారిపోకుండా వెనక చెట్టు మానులు కట్టి ఈడ్చుకుంటూ దిగేవారట. ఆయన టోపీ తీసి, ఆ రాళ్ళమీద బూటుకాలు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. మా ఊళ్ళో మా తాత నడిచిన ఏ చోటా నేనలా నిలబడలేదే అనిపించింది. ఆ ఆలోచనలోనే కారు వెనక్కి తీయబోయి ముందుకు పోనిచ్చి, చెత్తడబ్బాను గుద్దాను.

బాథర్స్ట్‌లో పాత రికార్డులుండే చిన్న గది ఒకటి ఉంది. అక్కడ కూర్చునే ముసలావిడ మేం చెప్పిన పేరు రాసుకుని లోపలికి వెళ్ళింది. వెతకడానికి టైం పడుతుందని పెద్దాయన 'పై' అనే మాంసం కూరిన రొట్టెలు కొనడానికి బేకరీకి వెళ్ళాడు. ఆయనటు వెళ్ళగానే ఆవిడ ఒక కాగితం జెరాక్స్ తీసి తెచ్చి, నా చేతికిచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళింది. పేరు అదే, ఓడ అదే, ఇంగ్లండులో ఊరు అదే. దాని కింద మాత్రం, యజమాని ఇంట్లో రాగి కాగు దొంగిలించినందుకు ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష అని ఉంది. కొండమీద రోడ్డు వేసే ఖైదీల పనికి పంపారని మరో వరసలో ఉంది. అంటే ఆయన ఆ దారిలో బండి తోలుకుని రాలేదు. ఆ దారిలో రాళ్ళు కొట్టాడు. గొర్రె ఒక్కటీ లేదు.

మన ఊళ్ళో అయితే, మీ తాత కాగు దొంగ అని ఒక పెద్దమనిషి మొహంమీద చెప్పేవాడెవడు? కాగితం నాలుగు మడతలుపెట్టి చొక్కా జేబులో దోపేశాను. ఆయన రెండు పై రొట్టెలతో తిరిగొచ్చి, "ఏమైనా దొరికిందా?" అన్నాడు. "లేదంకుల్" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "పోనీలే, రోడ్డు చూశాంగా" అంటూ నా వాటా రొట్టె నాకిచ్చాడు. ఇల్లు చేరేదాకా అది కాగితం సంచిలోనే చల్లారిపోయింది.

ఇంటికొచ్చి మెయిన్‌ఫ్రేమ్ అన్నకు చూపించాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "చెప్పకురా బాబూ. ఆయనకి హార్ట్‌ఎటాక్ వస్తే పోలీసులొస్తారు. నీ వీసా ఏమవుద్ది? ఇప్పటికే జాబ్ లేదు" అన్నాడు.

"మరి అబద్ధం పుస్తకం వేయించేస్తున్నాడన్నా."

"వేయించుకోనీ. వంశాల గురించి నిజం పుస్తకమెవడు వేయించాడు?"

మూడు వారాలు గడిచాయి. పెద్దాయన రోజూ నాకు రివర్స్ పార్కింగ్ నేర్పిస్తూనే, చుట్టాలముందు చదవాల్సిన ఉపన్యాసం వినిపించేవాడు. అందులో గొర్రెలు కొండ దిగే ఘట్టం దగ్గర ఆయన గొంతు గద్గదమయ్యేది. నాకు స్టీరింగు జారేది. చివరికి ప్రింటింగువాడికి ఇవ్వడానికి ఫ్లాపీ అడిగిన రోజు మధ్యాహ్నం, ఫ్లాపీతోపాటు ఆ నాలుగు మడతల కాగితం కూడా ఆయన చేతిలో పెట్టాను. "క్షమించండంకుల్. ఆ రోజే దొరికింది" అన్నాను.

ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. నేను ఆయన వరండా మెట్లమీద కూర్చుని, అంబులెన్సు నంబరు గుర్తుచేసుకుంటున్నాను. లోపల్నుంచి ఫోనులో మాటలు వినిపించాయి. చెల్లెలితో. "మనకీ ఒకడున్నాడు. అవును, ఖైదీ. కాగు. కాదు, కాగు, రాగిది." తర్వాత వచ్చిన శబ్దం ఏడుపనుకుని లేచాను. నవ్వు.

రెండు బీరుసీసాలతో బయటికొచ్చి నా పక్కన మెట్టుమీద కూర్చున్నాడు. ఇంగ్లండు తన ఖైదీలను తెచ్చి దింపడంతో మొదలైన ఈ దేశంలో ఖైదీ తాత ఉండటం ఇప్పుడు ఎంత గొప్పో నాకప్పుడే తెలిసింది. వాళ్ళావిడ తరఫున ఇద్దరున్నారట, ఒక గుర్రాల దొంగ, ఒక దొంగనోట్లవాడు. నలభై ఏళ్ళపాటు ఆవిడ, "మా వంశంలో కథలున్నాయి, మీ వంశంలో గొర్రెలున్నాయి" అని ఆటపట్టించేదట. "అమ్మ రోజుల్లో ఇది తలెత్తుకోలేని సిగ్గు. మా ఇంటి బైబిల్లో వంశం పేర్లు రాసుకునే మొదటి పేజీ ఎందుకు చిరిగిపోయిందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. సీసా మూత తీస్తూ, "మా ఆవిడుంటే బాగుండేది. కాగు అని చెబితే తను ఎంత నవ్వేదో" అన్నాడు. తన సీసాను నా సీసాకు తగిలించి ఒక గుక్క తాగాడు.

అంతటితో వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. "మూడు వారాలు దాచావు. అది మాత్రం బాగాలేదు" అన్నాడు మెల్లగా. "మీరు బాధపడతారని అంకుల్." "నేనేం భరించగలనో నువ్వు తేల్చకు, మేట్. అది నా పని." తిట్టి ఉంటే తేలికగా ఉండేది. (మర్నాడు మామూలుగానే వచ్చి, "పద, రివర్స్" అన్నాడు. పుస్తకంలో గొర్రెలన్నిటినీ నేనే తీసేశాను. డ్రైవింగ్ పరీక్ష రెండోసారికి పాసయ్యాను.)

ఆ ఆదివారం ఫోన్ కార్డు గీకి నాన్నకు కాల్ చేశాను. మా తాతగారి నాన్న రంగూన్‌లో పెద్ద వ్యాపారం చేసేవారని చిన్నప్పట్నుంచీ విన్నాను. "ఏం వ్యాపారం నాన్నా?" అని మొదటిసారి అడిగాను. లైన్లో గరగర తప్ప ఏమీ వినిపించలేదు. కట్టయిందనుకున్నాను.

"ఇప్పుడెందుకురా అది?"

"ఊరికే. తెలుసుకుందామని."

"వ్యాపారం కాదురా. రేవులో బియ్యం మూటలు మోసేవాడు. కూలీల ఓడెక్కి వెళ్ళాడు, మెడ వంగిపోయి తిరిగొచ్చాడు. ఎవరడిగినా వ్యాపారమనే చెప్పమని మీ తాత మాచేత ఒట్టేయించుకున్నాడు." మళ్ళీ గరగర. "ఒరేయ్, నీకు సంబంధాలు చూస్తన్నాం. ఇది ఎవరితోనూ అనమాక."

అనలేదు. పెద్దాయనతో మాత్రం అన్నాను. ఆయన శ్రద్ధగా విని, ఆ ముత్తాత పేరేమిటని అడిగాడు. నాకు తెలియదు. మళ్ళీ కార్డు కొని నాన్ననడిగి, ఆ పేరు ఒక చీటీ మీద రాసుకున్నాను. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చెల్లెలు కబురుపెడితే అంత్యక్రియలకు వెళ్ళాను, మెల్‌బోర్న్‌లోని క్రెయిగీబర్న్‌కు మారిపోయిన మెయిన్‌ఫ్రేమ్ అన్న కూడా అక్కణ్ణుంచి వచ్చాడు.

మేం ఇప్పుడు సిడ్నీలోనే రౌస్ హిల్‌లో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి స్కూల్లో ఫ్యామిలీ హిస్టరీ ప్రాజెక్టిచ్చారు. లాప్‌టాప్ ముందేసుకుని, "నాన్నా, గ్రేట్ గ్రేట్ గ్రాండ్‌పా ఏం చేసేవారు?" అంది. ముత్తాత పేరు తడుముకోకుండా చెప్పాను. తర్వాత, నోటికి ఎలా వచ్చిందో గానీ, "రంగూన్‌లో షిప్పింగ్ లైన్‌లో ఉండేవారమ్మా" అన్నాను. అది టకటకా టైపు చేసి తలెత్తింది. "సో, మేనేజరా?"

నాన్న లైన్లో ఎందుకంతసేపు ఆగాడో అప్పుడర్థమైంది. "కాదమ్మా" అన్నాను, కొంచెం ఆలస్యంగా. యాభై ఏళ్ళొచ్చినా, ఆ కొంచెం ఆలస్యం నాలోంచి ఇంకా పోలేదు.